మా వొదిన ఒక్కపొద్దులో పోలేదు

మా వొదిన పోయిన సంగతి మీకు తెలుసు. రజబు నెలలో, ఒక గురువారం సాయంత్రం పోయింది. మన పత్రిక పోయిన నెల సంచికలో మీలో ఎవరో ఆమె గురించి నాలుగు ముక్కలు రాస్తూ 'పవిత్ర మాసంలో ఉపవాసం ఉండి, ఆ ఉపవాసం విడవకముందే కన్నుమూసిన ధన్యురాలు' అన్నారు. రాసినవారి భాష బాగుంది. విషయం తప్పు. ఆమె ఆ రోజు మధ్యాహ్నం కాకముందే జొన్నరొట్టె, అనపగింజల పులుసు తింది. మళ్లీ అడిగి వేయించుకుంది కూడా. నేను పక్కనే కూర్చుని తిన్నాను కాబట్టి చెబుతున్నాను.

గురువారం, రజబు, పొద్దు మునిగే వేళ మగ్రిబ్ అజాన్‌కు ముందు. ఈ మూడూ కలిపి మీరే ఒక కథ కట్టారు. ఆ వేళ ఆమె కుర్చీలో కూర్చుని టీవీలో సీరియల్ చూస్తోంది. అందులో అత్తను ఏడిపిస్తున్న కోడలిని తిడుతోంది. తిట్లు ఆగిపోయాయి ఏమిటా అని తిరిగి చూస్తే మనిషే ఆగిపోయింది. ఇది రాయడానికి మీకు మనసొప్పలేదు కాబోలు.

ఆమె నా భర్తకు అక్క. మేము దూదేకులవాళ్లం, ఇంట్లో మాట తెలుగే. ఉపవాసాన్ని రోజా అనడం కంటే ఒక్కపొద్దు అనడమే మా నోటికి అలవాటు. కడపలో మా రెండిళ్లకూ వాకిలి ఒకటే. అందుకని ఆమె ఒక్కపొద్దులతో ఆమె తర్వాత ఎక్కువ అవస్థ పడింది నేనే. రంజాన్‌తో నాకు పేచీ లేదు, అందరం ఉంటాం. ఈమె అంతటితో ఆగేది కాదు. ముహర్రంలో ఉండేది, రజబులో ఉండేది, షాబానులో ఉండేది, బక్రీదుకు ముందు ఉండేది. సోమవారం, గురువారం సరేసరి. ఉంటే ఉండనీ, చెప్పి ఉండొచ్చు కదా. చెప్పదు. నేను పెసరట్టు పోసి పిలిస్తే "పెట్టిపో, తింటా" అనేది. అబద్ధం కాదు, తినేది. పొద్దు మునిగాక, అది తోలుచెప్పులా తయారయ్యాక. పైగా, అట్టు రవ్వంత గట్టిగా ఉందని విమర్శ. ఇప్పుడు పోసినవన్నీ వేడివేడిగా నేనే తింటున్నాను. ఏం రుచీ లేదు.

ఎందుకు చెప్పవని ఒకసారి గట్టిగా పట్టుకున్నాను.

"కడుపు నాది, మంట నాది. పొగ బజారంతా ఎందుకు?" అంది.

ఉద్యోగమంతా పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, నాకే పాఠం చెప్పింది. ఆ ఉక్రోషం ఇంకా తీరలేదు.

ఇష్టపడి ఉండే ఒక్కపొద్దులకు మొగుడు ఇంట్లో ఉంటే అతన్ని అడిగి ఉండాలి. మా వొదిన ఆ నియమం ఏనాడూ తప్పలేదు. ఎప్పుడు అడిగేదంటే, ఆయన మొహమంతా సబ్బు నురుగు పూసుకుని, గడ్డం గీసుకుంటూ, నోరు తెరవలేని సమయంలో. ఆయన తల ఆడించేవాడు. అది అవునో కాదో ఆమే నిర్ణయించేది. "నేను అడ్డంగా ఆడిస్తి గదమ్మా" అని నా దగ్గర వాపోయేవాడు పాపం. ఆయన పోయాక ఆమెకు ఆ అడిగే పనీ లేకుండా పోయింది.

ఇక ఆ గురువారం. వేంపల్లె నుంచి ఒక ముసలామె వచ్చింది. ఒకప్పుడు మా పక్కింట్లో బాడుగకు ఉండి, మిషన్ కుట్టుకుని బతికిన మనిషి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. బస్సు దిగి, ఆటో దిగి, గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చి క్యారియర్ కింద పెట్టింది.

"అక్కా, నీతో కూచోని తినాలని నేను ఏం తినకుండా వచ్చినా" అంది.

మా వొదిన ఆ రోజు ఒక్కపొద్దు ఉందని నాకు తెలుసు. తెల్లవారకముందే ఆమె వంటింట్లో లైటు చూశాను. కళ్లతో సైగ చేశాను. ఆమె నావైపు చూడనేలేదు, ముగ్గురికీ తినడానికి తట్టలు పెట్టింది. వచ్చినామె చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోగానే, ఇంత పొద్దు ఉండి ఇప్పుడు విడుస్తావా అని అడిగాను.

"నా ఒక్కపొద్దు యాడికీ పోదు, సోమవారం ఉంటా. ఆ యమ్మ మోకాళ్లు సోమవారం మళ్లా బస్సెక్కుతాయా?" అంది. నేను నోరు తెరవబోయేసరికి, "తెరిస్తే తినేదానికి తెరువు" అంది.

ఆమె చేసింది సరైన పనే. ఇష్టపడి పట్టిన ఒక్కపొద్దును అతిథి కోసం విడవచ్చు, ఇంకో రోజు బదులు ఉంటే సరిపోతుంది. వేంపల్లె ఆమె తన కోసం ఏం జరిగిందో తెలియకుండానే, నవ్వుకుంటూ బస్సెక్కి పోయింది. ఆ సోమవారం మాత్రం మా వొదినకు రాలేదు.

ఇంత విసుగ్గా ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మీ నాలుగు ముక్కలు ఊరికే పోలేదు. వాటిని ఎవరో ఫోటో తీసి రాయచోటిలో కాపురముంటున్న మా వొదిన మనవరాలికి పంపారు. ఆ పిల్లకిప్పుడు ఏడో నెల. రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ బిళ్లలు రాసింది. ఇలాంటి మనిషికి రంజాన్ ఒక్కపొద్దులే తర్వాత ఉండొచ్చని సడలింపు ఉంది. ఈ పిల్ల రజబు అయిపోయి షాబాను నెలవంక కనబడినప్పటి నుంచి వరసగా ఉంటోంది. బిళ్లలు మింగడం లేదు. జేజిలాగా, అంటే మా వొదినలాగా పోవాలంట. కడుపులో ఉన్న బిడ్డకు ఇంకా రావడమే తెలియదు, తల్లేమో పోవడం గురించి మాట్లాడుతోంది.

వాళ్లత్త చెప్పింది, మొగుడు చెప్పాడు, డాక్టరమ్మ కేకలేసింది. నేను ఫోను చేసి ఆ గురువారం సంగతి చెప్పాను. "జేజి బతికున్నప్పుడూ నువ్వు ఎగతాళి చేస్తాంటివి, ఇప్పుడూ చేస్తాండావా అవ్వా" అని పెట్టేసింది. నా నోటికున్న పేరు అలాంటిది మరి. ఆ పిల్ల మా వొదిన ఉన్న ఒక్కపొద్దులను చూసింది గానీ, ఆమె విడిచేసిన వాటిని చూడలేదు. చూడనివ్వకుండా మీరు అడ్డంగా ధన్యురాలిని నిలబెట్టారు.

కాబట్టి ఒక చిన్న పని చేసిపెట్టండి. మీలో రాయచోటి వైపు పోయేవాళ్లు ఎవరైనా పొద్దున పూట ఆ పిల్ల ఇంటికి పోండి. ఇల్లెక్కడో నన్నడగండి, చెబుతాను. పండ్లూ మిఠాయిలూ పట్టుకుపోవద్దు. ఏమీ తినకుండా పోండి. ఆకలి నటిస్తే పట్టేస్తుంది, నిజంగానే ఆకలిగా ఉండాలి. మీరు అడగక్కరలేదు, అదే పెడుతుంది. పెట్టాక తట్టలో చెయ్యి పెట్టకండి. ఒక్కరే తినే అలవాటు లేదని చెప్పి ఊరుకోండి. ఉపదేశాలు వద్దు, జేజి మాట ఎత్తొద్దు, ఈ పేజీ ఫోటో తీసి మాత్రం పంపొద్దు. అది లోపలికి పోయి, తనకూ పెట్టుకుని వచ్చి మీ ఎదురుగా కూర్చునేదాకా కదలకండి. ఇద్దరూ తిన్నాక బిళ్ల సంగతి అడగండి. మింగి, గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాక లేచి రండి. మరుసటి రోజు ఇంకొకరు పోండి.