సున్నమేసిన సత్తు పడవ

రాస్తున్నవా? ఫోన్ గీడ పెట్టు. దానికి నా మాటలు వినపడ్డా వినపడకున్నా నువ్వైతే రాయి. పొద్దున సున్నం కలుపుతనని సత్తుగిన్నె తీసుకుంటివి సూడు, అది బుసబుస పొంగి నల్లగయితుంటే నువ్వు దూరం దుంకితివి, నేను కూసోని నవ్వితిని. "గిన్నె ఖరాబైతే నవ్వుతవేంది అమ్మమ్మా" అన్నవ్. గిన్నెను సూసి కాదు బిడ్డా నవ్వింది. సున్నానికీ సత్తుకూ పడదని మా ఇంట్ల అందరికీ ఎట్ల తెలిసిందో యాదికొచ్చింది. అది తెలిసేటందుకు మాకు ఒక పడవే కావాల్సొచ్చింది.

పడవకు సూర్యాపేటల ఏం పని అంటవేమో. మా తమ్ముడికి గాడ హైవే పక్కన లారీ బాడీలు కట్టే షెడ్డుండె. మఠంపల్లి కాడ కృష్ణల చేపలు పట్టే ఒకాయన, మిర్యాలగూడల పాత సామాన్ల కొట్టుకు పోయి, ఓ సత్తు పడవ, గదే అల్యూమినియం రేకుది, సూసి మనసు పడ్డడు. ఎన్కట ఎవరో ఆఫీసర్లు అండ్ల తిరిగేటోళ్లంట. నడిమిట్ల చిన్న గది, దానికి రెండు కిటికీలు, ఓ తలుపు, తలుపు కింద గడప. ఆయన సూసేసరికి ఆ గదిల కోళ్లు గుడ్లు పెడుతున్నయ్. కోళ్లను ఎళ్లగొట్టి, లారీ మీద ఏసుకోని తెచ్చి, "గీ దిక్కున పడవలు బాగుచేసెటోళ్లు లేరు, రేకులు కలిపి రివిట్లు కొట్టుడు నీకే తెలుసు" అని షెడ్డు ముందట దించిండు.

అప్పటికే తమ్ముడికి పని తగ్గింది. శుక్లాలు తీయించుకున్నా ఒక కన్ను సరిగ కుదరలే. మొహం మీద ఎవ్వరూ అనలే గని, లారీలోళ్లు ఒక్కొక్కరే వేరే షెడ్లకు పోవుడు షురూ చేసిండ్రు. ఈ పడవను సూడంగనే వాడికి పానం లేసొచ్చింది. నేను కోదాడల ఉంటుంటి, ఫోన్ చేసిండు. "అక్కా, ఇది సుక్క నీళ్లు రాకుండ తేలిందనుకో, నా కండ్లు మంచిగనే ఉన్నట్టు. మునిగిందా, షెడ్డుకు తాళమేస్త" అన్నడు.

"అండ్ల మనుషులెక్కుతర్రా, జర కండ్లున్నోళ్లకు సూపియ్యి" అన్న.

"నాకున్నయేంది మరి?" అని ఫోన్ పెట్టేసిండు.

పనైతే మంచిగనే చేసిండు, అబద్ధమెందుకు. ఎవరో తెలివిగల్లోళ్లు సత్తు రేకుకు ఇనుప రివిట్లు కొట్టిండ్రంట, వాటి సుట్టూ రేకు తెల్లటి పొడి లెక్క రాలిపోయింది. అవన్ని పీకి సత్తు రివిట్లేసిండు. బయటికెళ్లి ఒకరు సుత్తెతోని కొడుతుంటే, లోపట ఒకరు ఇనుప దిమ్మె ఆనిచ్చి పట్టుకోవాలె. లోపట పట్టింది మా మరదలే. "పెండ్లయిన కాన్నుంచి గిదే కథ వదినె, ఆయన బయట సప్పుడు చేస్తడు, నేను లోపట పట్టుకోని కూసుంట" అన్నది నాతోని. అన్నీ అయినంక పడవను దుంగల మీదికెక్కిచ్చి, లోపట నీళ్లు నింపి, కిందికి దూరి సూసిండు తమ్ముడు. మెరిసే రేకు మీద నీటి సుక్క వాడి కంటికి ఆనలే. ఇంకెవ్వర్నీ దూరనియ్యలే. "సుక్క కూడ లేదు" అని తేల్చేసి నీళ్లు తోడిచ్చిండు.

పడవ మఠంపల్లికి పోయే ముందు దినం నేను సూర్యాపేటకు పోయిన. పోయేసరికి మరదలు గడపకు పసుపు రాసి, ఓ పెద్ద బకెట్ల సున్నం కలుపుతున్నది. "గది ఉన్నది, గడప ఉన్నది, రేపు పాలు పొంగియ్యాలె. సున్నమెయ్యకుండ ఏ ఇంట్ల పాలు పొంగిస్తరు వదినె?" అన్నది. నాకూ సబబే అనిపిచ్చింది. మా దిక్కు సున్నానికేం కొదవ, బర్ల కొట్టానికి సుత ఏస్తిమి. గది లోపటంత చిక్కగ పూసింది. జరసేపటికే గోడలు బుసబుస పొంగినయ్. తమ్ముడు చాయ్ గ్లాసు పట్టుకోనే ఉరికొచ్చిండు.

"ఏందే గిది, ఏం పూసినవే?"

"ఇల్లన్నంక సున్నమెయ్యరా?"

"లారీల డ్రైవర్ కూసునే గది ఉంటది, దానికెన్నడన్న ఏసినవా?"

"దానికి పాలు పొంగిచ్చినమా?"

ముగ్గురం బకెట్లు బకెట్లు నీళ్లు కుమ్మరిచ్చినం. తెల్లటి నీళ్లు పడవ అడుగుకు జారినయ్. అడుగుకెళ్లి రెండు మూడు తావుల బయటికొచ్చినయ్, సన్నగ, తెల్లటి దారం లెక్క. తమ్ముడు కిందికి వంగిండు. తెల్లగున్నయ్ గదా, వాడికి గూడ ఆనినయ్. ఒక్కో దారం మీద ఏలు పెట్టి సూసిండు. "ఇవి మొన్న గూడ ఉన్నయా?" అని అడిగిండు.

"ఉండే ఉంటయ్. నువ్వు మమ్మల్ని సూడనిస్తివా?" అన్నది మరదలు, మెల్లగనే.

వాడేం కోప్పడలే. పక్కకు జరిగి, "దా, నువ్వు సూసి చెప్పు, నేను కొడత" అన్నడు. ఆమె కొంగు నడుముకు చెక్కుకోని కిందికి దూరింది. లోపట దిమ్మె నేను పట్టిన. పొద్దుగూకేసరికి కారిన కాడల్ల రివిట్లు మళ్ల కొట్టినం.

తెల్లారి పాలు పొంగిచ్చి, లారీ ఎక్కిచ్చినం. కోదాడల లారీ ఆగితే జనం మూగిండ్రు, ఒకామె నన్ను సూసి "పెద్దమ్మా, సముద్రం మన ఊరికే వస్తుందా, మీరే పోతున్నారా?" అన్నది. మఠంపల్లి కాడ పడవను కృష్ణల దించితే, తమ్ముడు ఆ గదిల కూసోని అడుగంత చేత్తోని తడిమి సూసుకున్నడు. పొడిగుంది. చేపలాయన సంబురానికి అంతు లేదు.

"తేలింది గదరా, ఇగ షెడ్డు ఉన్నట్టే" అన్న, తిరిగొచ్చేటప్పుడు.

"మునిగుంటే, కండ్లున్నయని సూపియ్యనీకి ఇంకో పని పట్టుకుంటుంటి అక్కా. తేలింది. ఇగ సాలు" అన్నడు.

గా వారమే షెడ్డు మూసిండు. నేను పక్కనే ఉన్న. తాళమేసి, తాళంచెవి జేబుల ఏసుకోని, "పాండ్రి, ఇంటికి పోదాం" అన్నడు, రోజూ అన్నట్టే. ముసలితనం ఎప్పుడొచ్చిందంటే చాన మంది చెప్పలేరు బిడ్డా. అది వచ్చిన దినం గూడ పని అయిపోయి ఇంటికి పోయే మామూలు సాయంత్రం లెక్కనే ఉంటది.