కరుణక్క గీసిన అక్షరాలు

పొద్దున్న పాల ప్యాకెట్ కోసం వెళ్తే సెంటర్లో కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది.

ముందు అక్షరాలు గుర్తుపట్టాను. అరె, మన కరుణక్క ఫాంట్ అని సంబరపడ్డాను కూడా.

తర్వాత ఫోటో చూశాను. అక్కదే.

ఫోన్ తీస్తే అన్నీ మిస్డ్ కాల్సే. నిన్న సాయంత్రం గుండెపోటట. మొన్ననే కదా అక్కా, నా షాపు బ్యానర్ చూసి లైన్ల మధ్య గ్యాప్ చాల్లేదని వాట్సాప్‌లో తిట్టావు!

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కరుణక్క తునిలో మా స్కూల్ డ్రాయింగ్ టీచర్. వాళ్ళమ్మగారు మా అందరికీ మామ్మగారు. మా చర్చిలో ప్రతి పాటకీ ముందు మామ్మగారు చరణం చదివేవారు, ఆ తర్వాత సంఘమంతా పాడేది. ఎన్నో ఏళ్ళుగా అంతే.

ఈలోగా కొత్త పాటల పుస్తకం వచ్చింది. అక్షరాలు నాజూగ్గా, అన్నీ ఒకే సన్నం. మామ్మగారికి ఆనలేదు. చదవబోయి తడబడి, పుస్తకం మూసేసి వెనక బెంచీకి వెళ్ళిపోయారు. పాడటం కూడా మానేశారు.

అక్కకి ఒళ్ళు మండింది.

సీసపు అక్షరాలతో అచ్చేసిన పాత పాటల పుస్తకం ముందేసుకుని, ఒక్కో అక్షరం మళ్ళీ గీసి కంప్యూటర్లోకి ఎక్కించింది. ఇంగ్లీషు పుస్తకాల్లో అక్షరాల చివర చిన్న చిన్న పాదాలుంటాయి చూడండి, సెరిఫ్ అంటారు. చదివే కంటికి అవే ఊతం. తెలుగులో ఆ పని తలకట్టుదే అని అక్క వాదన. అందుకే తలకట్టు దిట్టంగా పెట్టింది. పొట్ట దగ్గర లావు, మలుపు దగ్గర సన్నం. ఒత్తులు కింది లైన్‌కి తగలకుండా బోలెడు జాగా.

ఆ అక్షరాలతో పాటల పుస్తకం మళ్ళీ కూర్చితే లావైంది. ఆడవాళ్ళ చేతిసంచుల్లో పట్టదు, సైజు తగ్గించమని చర్చి కమిటీ పట్టుబట్టింది. మీటింగ్‌లో అక్క లేచి నిలబడింది.

"సంచి చాలకపోతే పెద్దది కుట్టించుకుంటామండి. కళ్ళు కుట్టించుకోలేం కదండి."

పుస్తకం అక్క గీసినట్టే అచ్చయింది. మామ్మగారు ముందు బెంచీకి వచ్చేశారు.

ఫాంట్ అడిగినవాళ్ళందరికీ ఫ్రీగా ఇచ్చేసింది. ఇంకేముంది, పెళ్ళికార్డులు, ఉప్పాడలో చీరల కొట్ల బోర్డులు, పడవల మీద పేర్లు, అన్నీ అవే అక్షరాలు. యానాంలో ఒక మందు షాపు బోర్డు కూడా! ఫోటో పంపితే పగలబడి నవ్వి, పాస్టర్ గారికి మాత్రం చూపించకురా అంది.

ఈ మధ్యాహ్నం సమాధి దగ్గర మామ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టారు. చరణాలు ఇంకెవరైనా చదువుతారని పాస్టర్ గారు మెల్లగా చెప్పారు.

మామ్మగారు పుస్తకం తీసుకుని లేచారు.

"మా అమ్మాయి రాసిన అక్షరాలండి. నేనే చదువుతాను."

ఒక్క మాట తడబడలేదు. రోడ్డు దాకా నిండిపోయిన జనం, ఆవిడ చదివింది చదివినట్టు పాడారు. ఏడుస్తూనే గర్వంతో పొంగిపోయాను.

గెలిచావక్కా.

వెళ్ళిరా. ప్రభువు దగ్గర నీకు చల్లని విశ్రాంతి దొరకాలి.