ఒకటో తరగతిలో పద్నాలుగో పేరు

మా అబ్బాయి బి.ఎ. పాసై అప్పటికి ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ ఇంట్లోనే ఉన్నాడు. నేను మైలవరం అవతల ఒక ఊళ్లో బోర్డు స్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాక, బెజవాడ వచ్చి గుణదలలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మా ఆవిడ, నేను, వాడు. ముగ్గురికీ ఆధారం నా పెన్షనే. చదువుకుని పని దొరకనివాడికి ప్రభుత్వం ఇచ్చేది ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డొక్కటే. దానితో బియ్యం రావు.

వాడూ నేనూ కలిసి భోజనానికి కూర్చోవడం మానేసి రెండేళ్లు దాటింది. అనుకుని మానింది కాదు. నేను పదకొండింటికి తినేవాణ్ని. వాడు పోస్టుమాన్ మా వీధి దాటిపోయాక, ఒంటిగంటకు తినేవాడు. నేను పక్కగదిలో ఉంటే కంచం చప్పుడు కూడా వినిపించేది కాదు. మారు అన్నం అడగడం మానేశాడని మా ఆవిడ ఒకరోజు చెప్పింది. చెప్పి, నేను ఏమైనా అంటానేమోనని కాసేపు అక్కడే నిలబడింది. నేను పేపరు చదువుతూ ఉండిపోయాను. చర్చిలో ఎవరైనా అబ్బాయేం చేస్తున్నాడని అడిగితే, పరీక్షలకు చదువుతున్నాడని చెప్పేవాణ్ని. వాడు మాత్రం ఆఖరి ప్రార్థన కాగానే పక్క తలుపు గుండా వెళ్లిపోయేవాడు.

ఆ జనవరిలో అసలు చిక్కు వచ్చింది. ప్రభుత్వోద్యోగానికి వయోపరిమితి ఉంది కదా, బళ్లో ఇచ్చిన వాడి ఎస్సెల్సీ పుస్తకం ప్రకారం అది దాటడానికి ఇంకా ఐదు నెలలే ఉంది. నిజం వయసు ప్రకారమైతే పదిహేడు నెలలు. పుస్తకంలో వాడి పుట్టినరోజు జూన్ ఒకటి. వాడు నిజంగా పుట్టింది ఆ మరుసటి ఏడాది మే నెలాఖర్లో. ఇందులో రహస్యమేమీ లేదు. ఆ రోజుల్లో బడికి వెళ్లినవాళ్లలో సగం మందికి రెండు పుట్టినరోజులుండేవి. మా ఇంట్లో అదొక హాస్యం. జూన్ ఒకటిన వాళ్లమ్మ "ఇవాళ మీ సర్కారు పుట్టినరోజురా" అని నవ్వేది. ఆ ఏడు ఎవరూ నవ్వలేదు.

ఎక్స్ఛేంజిలో పరిచయమైన గుమాస్తా ఒకాయన వాడికి దారి చెప్పాడట. చర్చి నుంచి, అసలు పుట్టిన తేదీ ఉన్న బాప్తిస్మపు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. బళ్లో చేర్చుకున్న హెడ్మాస్టరు, తేదీ పొరపాటున పడిందని రాసివ్వాలి. రెండూ జతచేసి బందరులో విద్యాశాఖ ఆఫీసుకు అర్జీ పెట్టాలి.

"చేర్చుకున్నది మీరే. రాసిందీ మీరే," అన్నాడు వాడు, గుమ్మం దగ్గర నిలబడి.

"పొరపాటు కాదురా అది. తెలిసే రాశాను."

"నాకు తెలుసు నాన్నా. కాగితం మీద పొరపాటని ఉండాలి, అంతే."

చూద్దామన్నాను. పద్దెనిమిదో ఏటి నుంచి నేను డైరీ రాస్తున్నాను. ఏ రోజు పని ఆ రోజు ముగించే అలవాటు నాది. ఈ ఒక్క కాగితానికి మాత్రం ఆరు వారాలు తీసుకున్నాను. ముందు బాప్తిస్మపు సర్టిఫికెట్ తెమ్మన్నాను. తెచ్చాడు. దానికి నకలు తీయించి గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించుకురమ్మన్నాను. అదీ అయింది. చిత్తుప్రతి రాస్తున్నానన్నాను. ఐదు నెలల్లో నెలన్నర అలా పోయింది. వాడు రోజూ ఏమీ అడక్కుండా నా బల్ల వైపు ఒకసారి చూసి వెళ్లేవాడు.

వాణ్ని చేర్చిన జూన్ నాటి డైరీ తీసి చూసుకున్నాను. ఒకటో తరగతిలో పిల్లలు తగ్గితే రెండో మాస్టారి పోస్టు ఎత్తేస్తారు. ఇన్‌స్పెక్టరు వచ్చే వారం అది. ఊరంతా తిరిగి నాలుగేళ్లు నిండినవాళ్లను కూడా పోగేసి, ఐదేళ్లని రాసుకున్నాను. "పదమూడు మంది అయ్యారు. వయసులు సర్దాను. ఇంకొకరు కావాలి," అని ఒక రోజు. మర్నాటి పేజీలో, "మావాణ్ని చేర్చాను," అని ఒక్క ముక్క. వాడికి అప్పటికి నాలుగేళ్లు నిండి పక్షం రోజులు.

లెక్క నింపడానికే వాణ్ని చేర్చానన్న సంగతి, డైరీ చూసేదాకా నేను మర్చిపోయాను. మా ఆవిడ మర్చిపోలేదు. మార్చి నెల మొదట్లో, కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా అంది.

"ఏమండీ, మీ బడికి ఒకరు తక్కువయ్యారని వాణ్ని చంకనేసుకుని తీసుకెళ్లారు. వాడి ఏడాది వాడికిమ్మంటున్నాడు. అంతేగా."

మర్నాడే వాడూ నేనూ మైలవరం బస్సెక్కాం. అడ్మిషన్ రిజిస్టరు నంబరు, పేజీ చూసి రాస్తే అర్జీకి బలం ఉంటుందని నా ఉద్దేశం. పొరపాటు అని రాయడానికి అప్పటికి మనసు సిద్ధం చేసుకున్నాను.

ఆ బడికి ఇప్పటి హెడ్మాస్టరు మర్యాదస్తుడు. నాకు తన కుర్చీ ఇచ్చి, ఇనప్పెట్టెలోంచి పాత రిజిస్టరు తానే తీసి దుమ్ము తుడిచి ముందు పెట్టాడు. పేజీ నాకు వెంటనే దొరికింది. నా దస్తూరీ. పద్నాలుగు పేర్లు, ఆఖరిది మావాడిది. పుట్టిన తేదీ గడిలో పై నుంచి కింద దాకా ఒకటే తేదీ. జూన్ ఒకటి, జూన్ ఒకటి, జూన్ ఒకటి. సంవత్సరం కూడా ఒకటే. నేనే రాసినా, అలా ఒక్కచోట చూడటం అదే మొదలు.

ఆయన కూడా వంగి ఆ పేజీ చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మాస్టారూ, మీ అబ్బాయిదొక్కటే పొరపాటంటే, మిగతా పదమూడు మంది సంగతేంటని అడుగుతారండి. పేజీ తెప్పించుకోకుండా ఎవరూ మార్చరు."

మావాడు నా భుజం మీదుగా వంగి చూశాడు. "అయితే పద్నాలుగు మందిమీ ఒక్క కాన్పులోవాళ్లమన్నమాట," అన్నాడు. హెడ్మాస్టరు నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు.

నేనొక తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. ఆ పేజీలోని తేదీలన్నీ నేను తెలిసే వేశానని, ఎందుకు వేశానో, అందులో మావాడి నిజమైన పుట్టిన తేదీ ఏదో రాసి, సంతకం చేసి, నా పెన్షన్ నంబరు కూడా కింద వేశాను. ఆయన చదివి, కాగితం నా వైపే తిప్పి పెట్టాడు. అది తన చేతికిస్తే పైకి పంపక తప్పదని, తాను చూడలేదనుకోమని అన్నాడు. నేను దాన్ని మావాడి చేతికిచ్చాను.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. వాడు దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇది పెడితే నా తేదీ మారుద్దా?"

"మారొచ్చు. మారకపోవచ్చు."

"మీ పెన్షనో?"

"ఎంక్వయిరీ వేస్తారు. అది తేలేదాకా ఆపినా ఆపుతారు."

"ఆపితే అమ్మ ఏం వండుద్ది?"

నీకు ఉద్యోగం వస్తే, అని మొదలుపెట్టాను. వాడు నా వైపు చూశాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆరేళ్లుగా వాడు తింటున్న అన్నం గురించి నేనొక్క మాట కూడా అనలేదని లోలోపల గొప్పగా ఉండేది నాకు. ఇంట్లో నా మౌనం ఎంత బరువుగా ఉండేదో ఆ రోడ్డు మీద తెలిసింది.

బస్సు వచ్చింది. ఒకే సీటులో కూర్చున్నాం. బస్సు ఇబ్రహీంపట్నంలో ఆగింది. అక్కడ వాడు కాగితం మడిచి ఎస్సెల్సీ పుస్తకంలో పెట్టుకుని, "ఇంకా మూడు నెలలుంది కదా, పరీక్షలు రాస్తాను," అన్నాడు.

రెండు పరీక్షలు రాశాడు. ఒకదానికి ఇంటర్వ్యూ కూడా వచ్చింది. హైదరాబాదు వెళ్లి వచ్చాడు. ఉద్యోగం రాలేదు. జూన్ ఒకటి వచ్చి వెళ్లింది. నాకు బందరు నుంచి ఏ నోటీసూ రాలేదు. పెన్షన్ నెలనెలా వస్తూనే ఉంది. ఆ కాగితం ఏం చేశావని వాణ్ని నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు.

జూలైలో వన్‌టౌన్‌లో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. మూడేళ్ల కిందట అలాంటి పనికే వెళ్తానంటే, బి.ఎ. చదివించింది ఇందుకా అని నేనే ఆపాను. ఈసారి నన్ను అడగలేదు. మొదటిరోజు సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుంటూ, నీ వయసెంతని షావుకారు అడిగాడని వాళ్లమ్మకు చెబుతున్నాడు.

"ఏం చెప్పావు?" అన్నాను గదిలోంచి.

"అసలు వయసే చెప్పాను. ఆయన కాగితాలు అడగలేదు."