నల్ల పట్టీ తీసిన నీలావతి

మా పెద్దమ్మ నీలావతి వేసిన పోగును తిరిగి తీయదు. ధర్మవరంలో ఆమె వీధిలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, అడగకపోతే ఆమే చెబుతుంది. ముప్ఫై రెండేళ్లుగా పట్టుచీరలు నేస్తోంది. ఒకసారి ముదురాకుపచ్చ పడాల్సిన చోట చిలకపచ్చ పడింది. షావుకారు మొహం చిట్లిస్తే, "ఈ ఏడు ఇదే నడుస్తాండాది, నీకు తెలీకుంటే నేనేం చేసేదప్పా" అని ఆయన్నే దబాయించింది. ఆ చీర అమ్ముడుపోయింది కూడా. ఆ తర్వాత ఆమెను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

నేను ఆమె చెల్లెలి కూతుర్ని, దీపికని. మాది హిందూపురం. తూత్తుకుడిలో ఉండి పగడపు దిబ్బల మీద పరిశోధన చేస్తున్నాను. ఉంగరాల్లో పొదిగే పగడాలు ఏరుకొస్తానని పెద్దమ్మ చాలాకాలం అనుకుంది. అవి వేరు, ఇవి వేరు, లెక్కలేనన్ని చిన్న ప్రాణులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని సముద్రం అడుగున కట్టుకునే రాతి ఇళ్లివి అని చెప్పాను. "అయితే ఒక్కటీ తేలేవా" అంది. తెస్తే జైల్లో వేస్తారన్నాను. అప్పుడు నా చదువు మీద కాస్త గౌరవం కలిగినట్టుంది.

ఈ ఏడు పరిశోధన పూర్తయింది. ప్రొఫెసర్ల ముందు నిలబడి జవాబులు చెప్పాల్సిన తేదీ కూడా ఖాయమైంది. ఆ రోజు కట్టుకోవడానికి చీర తానే నేసిస్తానని, అయ్యేదాకా మగ్గం ఛాయలకు రావద్దని పెద్దమ్మ ఆజ్ఞాపించింది. నా పగడం ఫోటో ఒకటి మాత్రం పంపమంది. నా తెలివి చూడండి, నేను వైద్యం చేస్తున్న పదిహేడో నంబరు పగడం ఫోటో పంపాను. వైద్యానికి ముందు తీసిన ఫోటో. కింద ఒక్క ముక్క రాయలేదు.

ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా ఇంటికొచ్చాను. ఓపిక పట్టే గుణం మా వంశంలోనే లేదు. మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. పెనుకొండ రాకముందే అమ్మ కట్టిచ్చిన ఉగ్గాని ఖాళీ చేసి, ధర్మవరంలో దిగి, నేరుగా మగ్గం దగ్గరికే వెళ్లాను. తిడుతూనే పెద్దమ్మ చుట్టిన చీర కొంత విప్పి చూపించింది.

మంచి తేనె రంగు. ఒళ్లంతా పగడం మీద ఉండే మెలికల గీతలు. అంత అందమైన చీర నేను కట్టలేదు, చూడనూ లేదు. కొంగు మొదలయ్యే చోట మాత్రం అడ్డంగా, రెండు వేళ్ల వెడల్పున, నిగనిగలాడే నల్ల పట్టీ ఉంది.

"ఇంగ కొంగు తెల్లగా నేస్తే నీ పగడమే" అంది పెద్దమ్మ. "సముద్రంలో గూడా అంచేసి నేసినోడెవడో గానీ, మనోడే పాపా."

నా నోరు ఆగి ఉంటే బాగుండేది. "అది అంచు కాదు పెద్దమ్మా, జబ్బు" అన్నాను.

చెప్పక తప్పలేదు. కంటికి కనబడని క్రిములు నల్లగా అల్లుకుని పట్టీలాగా పగడం మీద పాకుతాయి. పట్టీకి ముందున్న తేనె రంగే ప్రాణం. పట్టీ దాటిపోయాక మిగిలే తెలుపు ఎముక. నీళ్లు వేడెక్కే నెలల్లో రోజుకు గోరంత మేర తినుకుంటూ పోతుంది.

"అంటే నీకు జబ్బు నేసి పెట్టినానా" అంది.

ఎవరికీ తెలియదులే, చీర చాలా బాగుంది అన్నాను. "నీకు తెలుసు గదా" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె కళ్లకు నెల రోజుల పని అది.

"మందు లేదా దానికి?"

"గొట్టంతో నల్లదంతా పీల్చేస్తాం. రవ్వంత మిగిలినా మళ్లీ పాకుతుంది. తర్వాత పీల్చిన చోటంతా బంకమట్టి మెత్తుతాం. అన్నిసార్లూ నిలవదు. నిలిస్తే మాత్రం, తెల్లగా అయిన చోటికి పక్కనుంచి ప్రాణం మెల్లగా వస్తుంది. ఏళ్లు పడుతుంది."

"నీ పదిహేడోది నిలిచిందా?"

"మూడు నెలలుగా నల్లది రాలేదు."

పెద్దమ్మ పట్టీని వేలితో తడిమి, "తలుపెయ్" అంది. వేశాను. మగ్గంలో కూర్చుని పట్టీలో చివరి పోగు కోసం వెతికింది. నల్ల పట్టు, గదిలో మసక, ఏ పోగు ఏదో తెలియలేదు. బల్బు వేసినా లాభం లేకపోయింది. తలుపు తీస్తే వెలుతురు వస్తుంది, వీధీ చూస్తుంది. ఆమె ఎటూ తేల్చుకోలేక గొణుక్కుంది. చివరికి తానే లేచి రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

కాలితో తొక్కుతూ ఒక్కో పోగూ వెనక్కి లాగసాగింది. నేసేటప్పుడు కన్ను మూసి తెరిచేలోగా పడిన పోగు, తీసేటప్పుడు నిమిషం తింటుంది. గట్టిగా లాగితే పక్క పోగు తెగుతుంది. పది పోగులైనా తీసిందో లేదో, ఎదురింటి కుళ్ళాయమ్మ గడపలో నిలబడింది. నోట్లో ఆకువక్క నమలడం మరిచిపోయింది.

"ఏం నీలావతక్కా, తీస్తాండావే?"

నేను మగ్గం కిందికి చూశాను. షావుకారుకు చెప్పినటువంటి జవాబు వస్తుందనుకున్నాను.

"ఆ, తీస్తాండా. తప్పేసినాను" అంది పెద్దమ్మ, తల ఎత్తకుండానే. "నువ్వు ఆడ వెలుతురుకు అడ్డం నిలబడొద్దు."

మధ్యాహ్నానికి వీధి సగం వచ్చి చూసిపోయింది. వచ్చిన ప్రతివాళ్లకీ అదే జవాబు. సాయంత్రానికి ఒక్క నల్ల పోగూ మిగల్లేదు. మర్నాడు ఆ చోట మట్టి రంగు పట్టీ వేసింది. దాన్ని దాటాక తెల్లటి కొంగు. అందులో తేనె రంగు చుక్కలు, మట్టి పక్కన ఒత్తుగా మొదలై, దూరం పోయేకొద్దీ ఒకటీ అరా.

ఆ చీర కట్టుకుని ప్రొఫెసర్ల ముందు నిలబడ్డాను. వైద్యం తర్వాత పగడం ఎలా కోలుకుంటుందో చూపించమన్నారు. తెర మీద బొమ్మ వేయడం మరిచిపోయి కొంగు పట్టి చూపించాను. వాళ్లు నవ్వారు, పాస్ చేశారు. బయటికొచ్చి పెద్దమ్మకు ఫోన్ చేస్తే, "అది సరే, పదిహేడోది ఎట్లుండాది?" అని అడిగింది.

బాగుంది. ఈ మధ్య తెలుపు అంచున గోరంత తేనె రంగు కూడా వచ్చింది.

తీసిన నల్ల పట్టును పెద్దమ్మ పారేయలేదు. చిన్న ఉండ చుట్టి మగ్గం మేకుకు తగిలించింది. చీర కొనడానికి వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే, చిలకపచ్చ కథ కంటే ముందు ఇదే చెబుతోంది.

"నేనే వేసినాను, నేనే తీసినాను."