కింది గదిలో సముద్రం

చింతామణి నుంచి కాశీకో రామేశ్వరానికో యాత్ర బస్సులో పోవాలంటే జనం ముందుగా టికెట్లకు మా అంగడికి వచ్చేవాళ్లు. ఏ ఊళ్లో మంచినీళ్లు దొరుకుతాయో, ఏ సత్రంలో నల్లులుంటాయో నాకు తెలియనిది లేదని నా గర్వం. బస్సు నిండా జనానికి వండిపెట్టేది నా భార్య. రామేశ్వరంలో సముద్రం పక్కనే ఉన్నా ఆమె చూసింది పొయ్యినే.

రెండువేల ఏడు ప్రాంతంలో, ఆమె జబ్బుకు ఇక చేసేదేమీ లేదని బెంగళూరు డాక్టర్లు చేతులెత్తేశారు.

"ఏ పనీ లేకుండా కూచోని సముద్రం చూడాలని ఉండాది" అంది. ఇన్నేళ్లలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే. కొచ్చి నుంచి దీవులకు పోయే ఓడలో టికెట్లు తీసుకున్నాను.

రైల్లో ఆమె మోకాళ్ల కోసం ఎప్పుడూ కింది బెర్తుకే పోట్లాడే మనిషిని. ఓడలోనూ అన్నిటికంటే కింది గదే కావాలని పట్టుబట్టాను. టికెట్లిచ్చే ఆయన ఏదో చెప్పబోతే, నాకే నేర్పుతావా అన్నట్టు చూశాను.

ఆ గదికి కిటికీ లేదు. గోడ అవతల ఇంజను రొద. ఓడ కదిలిన కాసేపటికే ఆమెకు వాంతులు పట్టుకున్నాయి. పైన గది ఇమ్మని బతిమాలాను, అరిచాను. ఒక్కటీ ఖాళీ లేదు. ఎత్తుకుని మెట్లెక్కుతానంటే, తల కదిపితేనే కళ్లు తిరుగుతున్నాయని వద్దంది. తిరిగి ఒడ్డు చేరేదాకా మంచం దిగలేదు. రేవులో ఓడ ఎక్కేటప్పుడు చూసిన మురికినీళ్లే ఆమె చూసిన సముద్రం.

నేనే పైకి పోయి చూసి, కిందికొచ్చి చెప్పేవాణ్ణి. దీవి దగ్గర నీళ్లు నెమలి మెడ రంగులో ఉన్నాయని, చేపలు ఎగురుతున్నాయని. కళ్లు మూసుకునే "ఇంకా?" అనేది.

ఇంటికొచ్చాక ఆమెను చూడటానికి బాగేపల్లి నుంచి వాళ్ల వదిన వచ్చింది. "సముద్రం ఎట్లుండాదమ్మా?" అని అడిగింది.

"ఏం చెప్పేది వదినా. నీళ్లు నెమలి మెడ మాదిరి ఉండాయి. చేపలు ఎగురుతాండాయి. చూసి చూసి కండ్లు నిండిపోయినాయి" అంది నా భార్య.

వదిన నా వైపు మెచ్చుకోలుగా చూసింది.

వదిన ఊరికి వెళ్లిపోయాక నా భార్య నన్ను దగ్గరికి పిలిచింది.

"సరిగ్గా చెప్తినా? ఇంగేమన్నా ఉండుంటే చెప్పండి. రేపు మీ చెల్లెలు వస్తాది."