గోరంత కార్డు, కిషన్‌లాల్ కోపం

“గోరంత లేదు! దీన్ని నమ్ముకొని ఊరంత పెండ్లి తియ్యాల్నా? రీలు ఉన్నప్పుడు గిట్ల ఉండెనా? వానల తడిసినా ఎండబెడితే బొమ్మ ఉండేది. ఇదేంది చెల్లే, తుమ్మితే పోతది, దగ్గితే పోతది!”

ఫొటో స్టూడియో కిషన్‌లాల్‌కు లోకంలో ఎవరి మీదా కోపం లేదు, ఒక్క మెమరీ కార్డు మీద తప్ప. డిజిటల్ కెమెరా కొన్ననాడు రాజుకున్న ఆ కోపం రెండేళ్ళయినా చల్లారలేదు. ఖమ్మం బస్సు ఆలస్యమైనా కార్డునే తిట్టేవాడు, చాయ్‌లో చక్కెర తక్కువైనా కార్డునే తిట్టేవాడు.

తిరుమలాయపాలెంలో అతని స్టూడియో పక్కనే జిరాక్సు, కంప్యూటర్ షాపు నడిపే భార్గవి ఈ తిట్లన్నీ ఓపిగ్గా వినేది. ఎవరూ నేర్పకుండా తనంతట తానే కంప్యూటరు నేర్చుకున్న పిల్ల. ఏ వస్తువైనా ఎందుకు చెడిందో తేలేదాకా ఆమెకు అన్నం సయించదు.

“అన్నా, ఆ పాడైన కార్డు ఒక్కసారి ఇయ్యరాదు. చూస్త.”

“చచ్చినదాన్ని కోసి ఏం చూస్తవ్? పో, నీ పని చూసుకో.”

ఇచ్చేవాడు కాదు. అవి చావడం మాత్రం తరచుగానే చచ్చేవి. కుసుమంచి బడి పండగలో ముఖ్య అతిథి వేదిక మీదే నోరు తెరిచి గురకపెట్టాడు. ఆ కార్డు పోయింది. భద్రాచలం అడవి దారిలో ఓ పల్లెలో పొట్టేలు తరిమితే పెళ్ళికొడుకు పందిరి గుంజ ఎక్కాడు. ఆ కార్డూ పోయింది. “బస్సు కుదుపుకే పోయింది! ఇది సరుకా?” అని మండిపడుతూనే కిషన్‌లాల్ మళ్ళీ అంత దూరం వెళ్ళి, అందరినీ వరసగా నిలబెట్టి, ఊరికే ఫొటోలు తీసి ఇచ్చి వచ్చాడు.

ఒకరోజు తండా నుంచి ద్వాలి వచ్చింది. వచ్చింది అనడం కంటే గాలిదుమారంలా దిగింది అనాలి. కొంగుముడి విప్పి ఒక కార్డు భార్గవి ముందు పెట్టింది.

“మీ కిషనన్న చేసిన పని చూడు బిడ్డా! మా జ్యోత్స్న పెండ్లి ఫొటోలన్నీ ఉన్నయట, సాగనంపేటప్పటి కార్డే పాడైందట! ఆయన చేతుల కెల్లి గుంజుకొచ్చిన.”

అత్తారింటికి పోయే ముందు పెళ్ళికూతురు అయినవాళ్ళ మెడలు పట్టుకొని, పాట కట్టి ఏడవడం తండాలో ఆచారం. ఏడవని పిల్లకు పుట్టింటి మీద ప్రేమ లేదంటారు.

“నౌకరి చేసే పిల్ల, ఇదేం ఏడుస్తది అన్నరు అందరు. నా భుజం మీద మొకం పెట్టి ఎట్ల ఏడ్చిందనుకున్నవ్? ఒళ్ళంత కదిలిపోయింది! మా వియ్యపురాలేమో, నీ బిడ్డ కండ్లల్ల తడి కూడ లేదు అంటది. ఆమె నమ్మకపోతే పాయె. ఆ ఒక్క ఫొటో నేను చూసుకుంటే నాకు చాలు బిడ్డా.”

“కూసో పెద్దమ్మా, చూస్త,” అంటూ భార్గవి కార్డు అందుకుంది. దాని నిండా చాయ్ వాసన, చక్కెర జిగట, పైన కారం. తుడిచి కంప్యూటరుకు తగిలించగానే ఫొటోలన్నీ టపటపా తెరుచుకున్నాయి.

ద్వాలి వీపు. ఆమె భుజం మీద జ్యోత్స్న ముఖం. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది! తర్వాతి దాంట్లో ఆ నవ్వు ఆపుకోలేక అమ్మ భుజం కొరుకుతోంది. ఆ తర్వాతి దాంట్లో కారణం దొరికింది. ఎదురుగా తండ్రి దేవ్‌సింగ్, పెళ్ళికూతురి కంటే పెద్దగా ఏడుస్తూ, తలపాగా కొస నోట్లో కుక్కుకొని, పక్కవాడి తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు. పక్కవాడు తువ్వాలు కోసం గుంజులాడుతున్నాడు.

భార్గవి గబుక్కున తెర ఆర్పి, “ఇప్పుడే వస్త పెద్దమ్మా,” అని కార్డు పట్టుకొని స్టూడియోలోకి పరుగెత్తింది.

“అన్నా, కార్డు బతికే ఉంది.”

కిషన్‌లాల్ ముఖం జేవురించింది. “బతికే ఉన్నదా? చాయ్‌ల ముంచిన! మిర్చి బస్తాల దాచిన! బండితోని తొక్కిచ్చిన! ఏం తయారుచేసిండ్రే ఇది? మనిషికి అక్కరున్ననాడు చావనిదాన్ని ఎట్ల నమ్మాలె?”

“ఒక్క బటన్ ఒత్తితే చెరిగిపోతయి గదనే!”

“నవ్వే పిల్లను నా చేతులతోని చెరపమంటవా? నీకు మనసొప్పుతదా? దానంతట అదే చస్తే నాకు పాపం లేదు.”

గురక అతిథీ, గుంజెక్కిన పెళ్ళికొడుకూ భార్గవి కళ్ళ ముందు మెదిలారు. “అంటే అన్నా, ఈ రెండేండ్లల్ల ఒక్క కార్డు కూడ...”

“ఒక్కటి కూడ చావలే!” కిషన్‌లాల్ కోపంతో సొరుగు లాగాడు. కార్డులన్నీ డబ్బాలో గవ్వల్లా గలగలమన్నాయి. “అన్నీ బతికే ఉన్నయ్, దొంగముండలు!”

“మరి పెద్దమ్మకు ఏం చెప్పాలె? వియ్యపురాలు ఊకుంటదా?”

“వియ్యపురాలికి నేను సాక్ష్యం చెప్త. పిల్ల ఒళ్ళంత కదలంగ నా కండ్లతోని చూసిన, అబద్ధమా? ద్వాలి వదినకు మాత్రం నువ్వే చెప్పు, కార్డు చచ్చిందని. నీది కంప్యూటరు, నమ్ముతది. దీన్ని నీ దగ్గరనే దాచు. జ్యోత్స్న బిడ్డనెత్తుకొని పుట్టింటికి వచ్చిననాడు బతికిందని చెబుదం. అప్పుడు తల్లీబిడ్డలు కూసొని దేవ్‌సింగ్‌ను చూసి కడుపు పగల నవ్వుకుంటరు. పో చెల్లే, జల్దీ పో. ఆగాగు, గా నవ్వుమొకంతోని పోతవా ఏంది? జర ఏడుపుమొకం పెట్టుకొని పో!”