బావ కుట్టించిన నారింజ చొక్కా

టైలరుకి అనుమానం కొత్త కాదు. ఒకే మనిషి కొలతలు రెండుసార్లు తీసుకుంటాడు. కొట్టుకి తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి మళ్లీ లాగి చూస్తాడు. “వీడు సొంత నీడని కూడా నిన్నెవరు పంపారని అడుగుతాడు” అని బావ ఇంటిల్లిపాదినీ నవ్విస్తుంటాడు.

ఈసారి అనుమానం ఆ బావ మీదే. అక్క మొగుడు, బడి బస్సు డ్రైవరు. టైలరు కూతురు రోజూ వెళ్లేది ఆ బస్సులోనే. బావకి చూపు తగ్గిందేమోనని టైలరు భయం. అక్క దగ్గర ఓసారి కదిపి చూస్తే, “ఆయనవి డేగ కళ్లు. నీ బుర్రే ఎవరికైనా చూపించుకో” అని కసిరింది.

అసలు ఇదంతా చొక్కాతో మొదలైంది. తామిద్దరూ ఉన్న ఊరి సైకిల్ సంఘం ఎడారి దారి పట్టబోతుండగా, బావ ఓ గుడ్డ తెచ్చి కొట్లో బల్ల మీద పడేశాడు. కళ్లు జిగేల్మనే నారింజ రంగు. “నాక్కాదు, నీకే కుట్టుకో. ఖర్చు నాది” అన్నాడు. సొంత పెళ్లిలో కూడా జేబులో చెయ్యి పెట్టని మనిషి, ఊరికే ఇస్తాడా?

ప్రయాణం రోజు పొద్దున్నించీ ఎదురుగాలే. కనుచూపు మేర ఇసుక, అక్కడక్కడా ముళ్లపొదలు, మధ్యలో నల్లటి రోడ్డు. ఇలాంటి గాలిలో సంఘం వాళ్లు ఒకరి వెనక ఒకరు వరసగా వెళ్తారు. ముందున్నవాడు అందరి తరఫునా గాలికి అడ్డం నిలిచి, అలిసిపోయాక పక్కకి తప్పుకుని వరస చివరికి వస్తాడు. అందరూ వంతుకొచ్చారు, ఒక్క బావ తప్ప. తన వంతు రాగానే, “మోకాలు పట్టేసింది, నువ్వు పదరా” అని మళ్లీ టైలరు వెనకే చేరాడు. అతని ముందుచక్రానికీ టైలరు వెనకచక్రానికీ మధ్య జానెడు దూరం కూడా ఉండనివ్వడు.

ఇది ఒట్టి బద్ధకమే అయితే టైలరు నడిరోడ్డు మీద గంతులేసేవాడు.

“బావా, ఆ రాయి మీద ఎన్ని కిలోమీటర్లని ఉంది?”

“ఏం, నీకు చదువు రాదా?”

“పోనీ ఆ ఒంటెల్ని చూశావా?”

“చూడకేం! భలే ఉన్నాయి.”

అక్కడున్నవి మేకలు. బావ వెటకారమాడాడేమోలే అని టైలరు తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

మధ్యాహ్నం అందరూ సంఘం వెంట వచ్చే నీళ్ల వ్యాను దగ్గర ఆగారు. మళ్లీ బయల్దేరేటప్పుడు టైలరు టైర్లో గాలి తగ్గిందని పంపు కొడుతూ కావాలనే వెనకబడ్డాడు. బావ కూడా ఆగిపోయాడు. మిగతావాళ్లు కనుమరుగయ్యాక, ఎండ మండిపోతోందంటూ టైలరు నారింజ చొక్కా విప్పి సంచిలో కుక్కాడు. లోపల ఇసుక రంగు బనీను. ఈ రోజు కోసమే ఇంట్లో ఎవరూ చూడకుండా టీ డికాషన్‌లో నానబెట్టాడు.

“చొక్కా ఎందుకు విప్పావురా? మాడిపోతావు, వేసుకో!” బావ గొంతులో కంగారు వినపడింది.

“ఏం పర్లేదు, పద.”

కొంత దూరం పోయాక టైలరు వేగం పెంచి, చప్పుడు కాకుండా రోడ్డు దిగి, ఇసుకలో కాలు ఆనించి ఊపిరి బిగబట్టాడు. బావ చెయ్యి చాపితే అందేంత దగ్గర్లోంచి దాటిపోయాడు. మెడ ముందుకి చాచి, కళ్లు చికిలించి, “ఒరేయ్, కాస్త మెల్లగా తొక్కరా! నా వయసన్నా చూడు!” అని ఖాళీ రోడ్డుని బతిమాలాడు.

టైలరు సైకిలు అక్కడే పడేసి వెనకాల పరిగెత్తాడు. ముందు రోడ్డు ఎడమకి తిరిగింది. బావ తిరగలేదు. సైకిలు ఇసుకలో దిగబడి, మనిషి బోర్లా పడ్డాడు.

టైలరు పరుగున వెళ్లి లేపి కూర్చోబెట్టాడు. దెబ్బలేం తగల్లేదు, గడ్డం నిండా ఇసుక.

“ఎన్నాళ్లయింది బావా?”

“నిరుటి నించి మసక. అద్దాలతో పోయేది కాదన్నాడు డాక్టరు.”

“మరి బస్సు?”

“బస్సుకేంరా? ఏళ్ల తరబడి అదే దారి. ఏ మలుపెక్కడో, ఏ గుంతెక్కడో నాకు కంఠతా వచ్చు.”

“గుంతలు కదలవు బావా. పిల్లలు కదుల్తారు.”

ఏడాదిగా తన కూతుర్ని ఎక్కించుకుని తిప్పినందుకు అతణ్ణి అక్కడే కొట్టాలన్నంత కోపం వచ్చింది టైలరుకి. గడ్డం తుడుచుకోవడం కూడా మరిచిపోయి కూర్చున్న బావని చూస్తే ఏడుపూ వచ్చింది. ఈ ఒక్కసారికి తన అనుమానం తప్పయితే ఎంత బాగుండేది!

వెనక నించి నీళ్ల వ్యాను వచ్చి ఆగింది. “ఏమైంది?” అన్నాడు వ్యాను డ్రైవరు తల బయటపెట్టి. టైలరు బావ వైపే చూస్తూ నిలబడ్డాడు.

బావ టైలరు చెయ్యి ఊతగా పట్టుకుని లేచాడు.

“నాకు కళ్లు కనపడట్లేదు బాబూ,” అన్నాడు. “నన్ను ఎక్కించుకో.”